నత్త మామయ్యా, నా నోటి తాళమూ

2వ తేదీ, ఆదివారం. మధ్యాహ్నం 3.00

రెండు రోజుల ట్రైనింగ్ నిన్నటితో అయిపోయింది. కాఫీ బాగుంది. కుర్చీలు బాగాలేవు. ఒక్క మాట మాత్రం బుర్రలో దిగబడిపోయింది: పిల్లలకి జవాబులు చెప్పకండి, వాళ్ళ చేత వెతికించండి.

పదిహేడేళ్ళుగా ఒకటో క్లాసు నాది. ట్రైనింగ్ ఇచ్చినావిడ "రోజుకి ఎన్ని జవాబులు మీరే చెప్పేస్తారు?" అనడిగితే అందరూ పది, పదిహేను అన్నారు. నేను మనసులో లెక్కపెట్టడం మొదలెట్టాను. హాజరు వేసేలోపే నలభై దాటింది. అక్కడితో ఆపేసి, నేను కూడా పదిహేను అన్నాను.

తీర్మానం: రేపట్నుంచి ఇరవై ఒక్క రోజులు క్లాసులో జవాబు చెప్పను. ఎవరేమడిగినా నాది ఒకటే మాట. "నీకేమనిపిస్తోంది?"

నియమాలు:
ఒకటి. జవాబు నోరు జారినప్పుడల్లా ఖాళీ డబ్బాలో ఒక చాక్‌పీసు వెయ్యాలి.
రెండు. రోజూ డైరీ రాయాలి.
మూడు. ఈ సంగతి మా ఆయనకి చెప్పకూడదు.

3.20. చెప్పేశాను. ఆయన పేపరు కింద పెట్టి, "నువ్వా? జవాబు చెప్పకుండానా?" అని చాలాసేపు నవ్వారు. ఆయన నవ్వు వినబడి అత్తయ్య కూడా వచ్చి, సంగతేంటో తెలియకుండానే నవ్వారు.

నవ్వితే నవ్వనీ. ఇదంతా నేను కిటికీ పాప కోసం చేస్తున్నాను.

కిటికీ పాప అంటే కిటికీ పక్కన కూర్చునే పాప. బడి తెరిచి రెండు నెలలైంది. క్లాసులో ఇంతవరకూ ఒక్క మాట మాట్లాడలేదు. తలూపుతుంది, తల అడ్డంగా తిప్పుతుంది, అంతే. మా హెడ్‌మిస్ట్రెస్, అందరం పెద్ద మేడం అంటాం, నన్ను పిలిచి చెప్పారు: "ఇరవై ఒకటో తేదీ శుక్రవారం వచ్చి మీ క్లాసులో కూర్చుంటాను. అప్పటికీ ఆ పాప నోరు విప్పకపోతే చిన్న క్లాసుకి పంపేద్దాం. ఇంకో ఏడాది అక్కడే ఉంటే మంచిది."

మంచిది కాదు. ఆ పిల్లకి తెలివి తక్కువని నేననుకోను. ఆ కళ్ళు చూస్తే తెలుస్తుంది. కానీ కళ్ళని పెద్ద మేడం లెక్కలోకి తీసుకోరు. నాకున్నవి పదిహేను పనిదినాలు. ఈ పదిహేను రోజుల్లో ఆ పాప ఒక్క ప్రశ్న అడిగితే చాలు.

3వ తేదీ, సోమవారం. మొదటి రోజు.

8.35. రాత్రి వాన పడింది. మంత్రిగారు (ఎక్కడ ఏ గొడవైనా తీర్పు చెప్పే ఆరేళ్ళ పెద్దమనిషి) ఒక ఆకు మీద నత్తని పెట్టుకుని వచ్చాడు. ఇంతకంటే మంచి ముహూర్తం ఎక్కడ దొరుకుతుంది?

"టీచర్, దీనికి కాళ్ళేవి?"
"నీకేమనిపిస్తోంది?"
"ఇంట్లో వదిలేసి వచ్చిందేమో."
"దాని ఇల్లు దాని వీపు మీదే ఉంది కదరా," అన్నాడు లంచ్‌బాక్సు. వీడు పొద్దున్న పదింటికే లంచ్ ఎప్పుడని అడుగుతాడు. ఈ రోజు అడగలేదు.

11.00. స్టోర్‌రూములో పాత చేపల తొట్టి దొరికింది. అడుగున మట్టి, ఆకులు, పైన ఇనప జాలీ మూత. నత్తకి పేరు పెట్టాలన్నారు. ఓటింగ్ పెట్టాం. 'మామయ్య' నెగ్గింది. మంత్రిగారి మామయ్య వస్తున్నా వస్తున్నా అని ఎప్పటికీ రాడట. అందుకని.

చాక్‌పీసులు: రెండు. రెండే. పదిహేడేళ్ళ రికార్డు.

4వ తేదీ, మంగళవారం

ఈ రోజు ప్రశ్న: మామయ్య ఏం తింటాడు? నేను చెప్పలేదు. పెదవి కొరుక్కుని కూర్చున్నాను. పిల్లలు తెచ్చిన వంటకాలు: బిస్కెట్, దోసకాయ ముక్క, రబ్బరు, ఆకుకూర, లంచ్‌బాక్సు ఎంతో త్యాగంతో ఇచ్చిన సగం చపాతీ.

మామయ్య దోసకాయ ఎక్కాడు. క్లాసంతా చప్పట్లు. రబ్బరు తెచ్చిన పిల్ల మాత్రం, "ఇప్పుడు ఆకలి లేదేమో, రేపు తింటాడు," అంది. ఎంత కష్టమ్మీద ఊరుకున్నానో ఆ దేవుడికే తెలుసు.

మధ్యాహ్నం అందరూ మామయ్య బొమ్మ వేశారు. కిటికీ పాప చాలాసేపు వేసింది. బాగానే వేసింది గానీ గుల్ల అంచు దగ్గర గీత వంకర పోయింది. ఎర్ర పెన్నుతో "గుండ్రంగా గియ్యమ్మా" అని రాసి, ఒక నక్షత్రం పెట్టాను. నక్షత్రం చూసి నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

చాక్‌పీసులు: మూడు.

5వ తేదీ, బుధవారం

అలవాటు ఇంటికి కూడా వచ్చేసింది.

పొద్దున్న 7.10. మా ఆయన: "నా కళ్ళజోడు చూశావా?"
నేను: "చివరిసారి ఎక్కడ పెట్టారో ఆలోచించండి. అక్కడి నుంచి ఎటు వెళ్ళి ఉంటారు?"
ఆయన: "ఆఫీసుకి ఆలస్యమవుతోంది."
నేను: "ఆలస్యం కాకుండా ఉండాలంటే ఏం చెయ్యొచ్చు?"
కళ్ళజోడు ఆయన నెత్తి మీదే ఉంది. అలాగే వెళ్ళిపోయారు.

రాత్రి భోజనం దగ్గర అత్తయ్య: "అమ్మాయ్, కూరలో ఉప్పు వేశావా?"
"మీకేమనిపిస్తోంది అత్తయ్యా?"
"నాకేమనిపిస్తోందో చెప్తే నువ్వు ఏడుస్తావు."

ఇంట్లో ఈ పద్ధతి ఆపేశాను.

6వ తేదీ, గురువారం

10.40. ఒక బుజ్జిగాడు: "టీచర్, బాత్రూంకి వెళ్ళొచ్చా?"
నేను, పరధ్యానంగా: "నీకేమనిపిస్తోంది?"
పాపం, వాడు నిలబడి నిజంగానే ఆలోచించాడు.

10.43. ఆయమ్మ తుడుపుకర్ర పట్టుకుని వచ్చింది. బీరువాలో ఉన్న వేరే నిక్కరు తీసి వేశాం. ఆయమ్మ నేల తుడుస్తూ, "ఏం చదువులమ్మా ఇవి," అంది. జవాబు చెప్పలేదు. ఆవిడ నన్ను అడగలేదు కూడా.

కొత్త నియమం: బాత్రూం ప్రశ్నలకి వెంటనే జవాబు. చాక్‌పీసు పడదు.

7వ తేదీ, శుక్రవారం

వారం గడిచింది. ఈ వారం మొత్తం చాక్‌పీసులు ఇరవై ఆరు. అందులో తొమ్మిది ఈ రోజువే. కానీ ఈ రోజు కూడికలు ఉన్నాయి. ఏడూ అయిదూ ఎంతంటే నీకేమనిపిస్తోంది అనడం ఎవరివల్ల అవుతుంది? లెక్కల జవాబుల్ని లెక్కలోకి తీసుకోనక్కర్లేదని ఇప్పుడే నిర్ణయించాను. అంటే పదిహేడు.

క్లాసు తల్లిదండ్రుల గ్రూపులో ఒక తండ్రి మెసేజ్: "మేడం, మావాడు ఇంట్లో ఏం అడిగినా 'నీకేమనిపిస్తోంది' అంటున్నాడు. నిన్న వాళ్ళ తాతయ్యని కూడా అలాగే అన్నాడు. ఇది సిలబస్‌లో ఉందా?"

నవ్వు బొమ్మ ఒకటి పెట్టి ఊరుకున్నాను.

కిటికీ పాప: మాటలు, సున్నా. కానీ లంచ్ టైంలో అందరూ ఆడుకోడానికి పోతే ఆ పిల్ల తొట్టి దగ్గరే ఉంటోంది. పెదవులు కదులుతున్నాయి. నేను దగ్గరికెళ్ళగానే ఆగిపోయాయి. నాకెందుకో కుళ్ళుగా అనిపించింది. నత్తతో మాట్లాడుతుంది గానీ నాతో మాట్లాడదా?

10వ తేదీ, సోమవారం

ఘోరమైన సంగతి బయటపడింది.

మామయ్య ఎందుకు గోడెక్కుతాడు అని అడిగాను. మంత్రిగారు లేచి నన్నే తేరిపార చూస్తూ, "వాడికి... చల్లగా... కాదు కాదు... వేడిగా... కాదు... తడి కోసం," అన్నాడు. భేష్ అన్నాను. ఎలా కనుక్కున్నావురా అన్నాను.

"మీ కనుబొమ్మ చూశా టీచర్. తప్పు చెప్తే పైకి లేస్తుంది. రైటయితే కిందే ఉంటుంది."

క్లాసంతా తలూపింది. అందరికీ తెలుసట. కొత్తగా చేరిన పిల్లకి కూడా మొదటి రోజే చెప్పేశారట. వారం నుంచి ముప్ఫై మంది పిల్లలు నత్తని పరిశోధిస్తున్నారనుకుని నేను మురిసిపోతుంటే, వాళ్ళు నా మొహాన్ని పరిశోధిస్తున్నారు.

చాక్‌పీసులు: వెయ్యలేదు. కనుబొమ్మకి నియమం ఏమీ రాసుకోలేదు.

11వ తేదీ, మంగళవారం

బోర్డు వైపు తిరిగి ప్రశ్నలు అడిగాను. కనుబొమ్మ కనబడదు కదా.

9.30 నుంచి 9.50 వరకు బాగా సాగింది. తిరిగి చూస్తే క్లాసులో పద్నాలుగు మందే ఉన్నారు. మిగతావాళ్ళు బెంచీల కింద ఉన్నారు. లంచ్‌బాక్సు తినేస్తున్నాడు.

12వ తేదీ, బుధవారం

చాక్‌పీసుల డబ్బా నిండిపోయింది. ఇంటి నుంచి పెద్ద డబ్బా తెచ్చాను. బోర్డు మీద రాయడానికి చాక్‌పీసులు లేవు. నిండిన డబ్బాలోంచే తీసి రాశాను. అవి తిరిగి వెయ్యలేదు. కాబట్టి లెక్క తేలట్లేదు. ఇక లెక్కపెట్టి లాభం లేదు.

13వ తేదీ, గురువారం

ఒంట్లో బాగాలేదు. (ఒంట్లో బాగానే ఉంది.)

14వ తేదీ, శుక్రవారం

ఈ రోజు నేను మంచిపని చెయ్యలేదు. రాసుకుంటున్నాను.

వారమే మిగిలిందని కంగారు పుట్టింది. లంచ్ టైంలో కిటికీ పాపని పక్కన కూర్చోబెట్టుకుని, "ఒక్క ప్రశ్న అడుగమ్మా. ఏదైనా సరే. చిన్నది," అన్నాను. తలొంచుకుంది. "మామయ్య గురించి అడుగు. అడిగితే మీ అమ్మకి గొప్పగా చెప్తాను," అన్నాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ పిల్ల చేతిలో దోసకాయ ముక్క ఉంది, దాన్ని నలిపేసింది. నా మీద నాకే అసహ్యం వేసింది. ఆ ముక్క తీసుకుని, జాలీ ఎత్తి, మామయ్యకి నేనే పెట్టి, బయటికి వచ్చేశాను.

సాయంత్రం గేటు దగ్గర వాళ్ళమ్మ ఎదురుచూస్తోంది. బ్యాంకులో పనిచేస్తుంది, పర్మిషన్ పెట్టుకుని వచ్చిందట. "ఏమైనా మాట్లాడిందా టీచర్?" అనడిగింది.

"త్వరలో మాట్లాడుతుంది," అన్నాను.

"ఇంట్లో నోరు ఊరుకోదండీ. మామయ్య అది చేశాడు, ఇది చేశాడు. వాళ్ళ నాన్న మా తమ్ముడనుకున్నారు మొదట." నవ్వబోయి ఆగిపోయింది. "చిన్న క్లాసుకి పంపిస్తే మళ్ళీ మూగదైపోతుందేమోనని భయమేస్తోంది."

నాకూ అదే భయం. ఆవిడకి చెప్పలేదు.

17వ తేదీ, సోమవారం

7.50. కొంప మునిగింది. మామయ్య లేడు.

తొట్టి ఖాళీ. జాలీ ఒక మూల పైకి లేచి ఉంది. శుక్రవారం ఆ మూత ఆఖరిసారి తీసింది నేనే. సరిగ్గా పెట్టకుండా వచ్చేశాను. రెండు రోజులు సెలవు. నత్తకి కాళ్ళు లేకపోయినా రెండు రోజులు చాలు.

7.55 నుంచి 8.25 వరకు: బెంచీల కింద వెతికాను. బీరువా వెనక, చెత్తబుట్టలో, పుస్తకాల అరలో వెతికాను. ఆయమ్మని అడిగితే, "నేలంతా తుడిచాను, ఏ మామయ్యా లేడు," అంది.

8.30. బెల్లు. పిల్లలు పరిగెత్తుకొచ్చారు. ఏం చెయ్యాలో తెలియక, "మామయ్య మట్టిలో నిద్రపోతున్నాడు. ఎవరూ కదపకండి," అన్నాను.

పదిహేడేళ్ళలో పిల్లలకి లక్ష జవాబులు చెప్పి ఉంటాను. వాటిలో ఎన్ని తప్పో తెలియదు. అబద్ధమని తెలిసి చెప్పింది మాత్రం ఇదే మొదటిది.

శుక్రవారం పెద్ద మేడం ముందు చెయ్యాల్సిన పాఠం పేరు: 'మామయ్య అయిదు నిమిషాల్లో ఎంత దూరం నడుస్తాడు?' మామయ్య ఇప్పటికే చాలా దూరం నడిచాడు.

18వ తేదీ, మంగళవారం

పొద్దున్న 6.15. వాన వెలిసింది. నేనూ మా ఆయనా మా బిల్డింగ్ వెనక గోడ దగ్గర వంగి నత్త కోసం వెతుకుతున్నాం. అత్తయ్య గొడుగు పట్టుకుని బాల్కనీ నుంచి ఆజ్ఞలిస్తున్నారు.

"ఎడమవైపు చూడరా. అది కాదు, అది రాయి."

పైనింటాయన పాలకి వెళ్తూ ఆగి, "ఏమైనా పడిపోయిందా అండీ?" అన్నాడు. మా ఆయన నిటారుగా నిలబడి, "మీకేమనిపిస్తోంది?" అన్నారు. ఇన్నాళ్ళుగా దాచుకున్నారు ఆ మాట.

చివరికి నత్త అత్తయ్య పూలకుండీలోనే దొరికింది. "నా మొక్కలన్నీ తినేసింది నువ్వేనా," అని దాన్ని తిట్టి, టిఫిన్ డబ్బాలో పెట్టి మూత వేసి ఇచ్చారు. మామయ్య కంటే కాస్త చిన్నది. ఎవరికి తెలుస్తుంది? నత్తలన్నీ ఒకేలా ఉంటాయి.

8.30. "మామయ్య లేచాడు!" క్లాసంతా గోల. మంత్రిగారు, "నిద్రపోయి చిక్కిపోయాడు," అని తీర్పు చెప్పాడు. అందరూ ఒప్పుకున్నారు.

కిటికీ పాప తొట్టి ముందు చాలాసేపు నిలబడింది. అటు వైపు వెళ్ళి చూసింది, ఇటు వైపు వచ్చి చూసింది. తర్వాత వెళ్ళి తన చోట్లో కూర్చుంది. లంచ్ టైంలో తొట్టి దగ్గరికి రాలేదు. నా గుండెలో ఎక్కడో చిన్న ముల్లు. కూడికలు చెప్పి మరిచిపోయాను.

19వ తేదీ, బుధవారం

రిహార్సల్ పెట్టాను.

అవును. పిల్లలు తమంతట తాము ప్రశ్నలు అడిగే పాఠానికి రిహార్సల్. ఎవరు ఏ ప్రశ్న అడగాలో చీటీలు రాసి పంచాను. మొత్తం పన్నెండు ప్రశ్నలు. ప్రతిదాని వెనకా నేను ఆశ్చర్యపోవాలి. నేను కూడా రిహార్సల్ చేశాను. కనుబొమ్మ కదలకుండా.

కిటికీ పాపకి అన్నిటికంటే చిన్నది ఇచ్చాను: "నత్త ఏం తింటుంది?" మూడే మాటలు. చీటీ చదువుకుంది, మడిచి జేబులో పెట్టుకుంది. అడగమంటే తలొంచుకుంది.

ఈ తీర్మానం ఏమైందని మా ఆయన అడిగారు. వేరే రూపంలో నడుస్తోందని చెప్పాను.

20వ తేదీ, గురువారం

రిహార్సల్. మళ్ళీ. ఇంకేం రాయను.

21వ తేదీ, శుక్రవారం

నిదానంగా రాయాలి. ఒక్కటీ వదలకూడదు.

9.00. పెద్ద మేడం వచ్చి వెనక పిల్లల కుర్చీలో ఇరుక్కుని కూర్చున్నారు. నోటుబుక్కు తెరిచారు.

9.05. మొదటి ప్రశ్న బాగా వచ్చింది. రెండోది మంత్రిగారిది. ఆయన తనదీ అడిగి, పక్కవాడిదీ అడిగి, "మూడోది నువ్వు," అని ఇంకొకడికి సైగ చేశాడు. ఆ మూడోవాడు కంగారులో జవాబు ముందు చెప్పి, తర్వాత ప్రశ్న అడిగాడు. అయినా నేను ఆశ్చర్యపోయాను. పెద్ద మేడం ఏదో రాసుకున్నారు.

9.20. కిటికీ పాప వంతు. ఆ పిల్ల వైపు చూశాను. బతిమాలుతున్నట్టు చూశానేమో.

లేచింది. జేబులోంచి చీటీ తీసింది. దాన్ని బల్ల మీద పెట్టింది. నడుచుకుంటూ తొట్టి దగ్గరికి వెళ్ళి, వేలు పెట్టి చూపించింది.

"ఇది మామయ్య కాదు."

ఆ గొంతు నేను వినడం అదే మొదలు. కాస్త బొంగురుగా ఉంది.

"మామయ్యకి ఇక్కడ కొంచెం విరిగి ఉంటుంది. దీనికి లేదు. మామయ్య ఏడి టీచర్?"

నేను పదిహేను రోజులుగా ఎదురుచూసిన ప్రశ్న. ఈ ప్రశ్న మాత్రం కాకుండా ఇంకేదైనా అయితే బాగుండుననిపించింది.

నా దగ్గర జవాబు ఉంది. విరిగిన గుల్ల మళ్ళీ పెరుగుతుందమ్మా అంటే చాలు. పెద్ద మేడం నమ్ముతారు. మంత్రిగారు తీర్పు చెప్పేస్తాడు. నోరు తెరిచాను కూడా. ఆ పిల్ల నా మొహం కేసి చూస్తోంది. కనుబొమ్మ కేసి. ఇప్పుడు నేను అబద్ధం చెప్తే, ఈ పిల్ల తన కళ్ళని తనే నమ్మడం మానేస్తుంది. ఇంకెప్పుడూ నోరు విప్పదు.

"నాకు తెలియదమ్మా," అన్నాను.

మిగతాది కూడా చెప్పేశాను. "మూత సరిగ్గా పెట్టనిది నేనే. మామయ్య వెళ్ళిపోయాడు. మీరు బాధపడతారని ఇంకో నత్తని తెచ్చి పెట్టాను. మీకు అబద్ధం చెప్పాను. తప్పు నాదే."

మంత్రిగారు లేచి, "పెద్దవాళ్ళు కూడానా?" అన్నాడు. ఎవరూ నవ్వలేదు.

అంతలో లంచ్‌బాక్సు: "మరి మామయ్య ఏం తింటున్నాడు?"

అక్కడి నుంచి క్లాసు నా చేతిలో లేదు. తినడానికి లేకపోతే ఎటు వెళ్తాడు? తడి ఎక్కడుంది? ఆయమ్మ నేల తుడిచేస్తుంది కదా, గోడ తుడుస్తుందా? ఆఖరి ప్రశ్న కిటికీ పాపది. గోడ ఎవరూ తుడవరు. అందరూ గోడల మీద పడ్డారు. తొట్టి వెనక, బీరువా పక్కగా, ఎండిపోయిన జిగురులా ఒక మెరిసే గీత. నేను సోమవారం అరగంట వెతికాను. నేల చూశాను, అరలు చూశాను. గోడ చూడలేదు.

గీత కిటికీ కింద నుంచి చేతులు కడుక్కునే సింకు దాకా వెళ్ళింది. సింకు కింద చీకటి. పెద్ద మేడం వచ్చి, చీర కుచ్చెళ్ళు దోపుకుని, మోకాళ్ళ మీద కూర్చుని, ఫోన్ లైటు వేశారు. పైపు వెనక గోడకి అంటుకుని గుల్ల. కిటికీ పాప లోపలికి దూరి తీసుకొచ్చింది. అంచున వేలితో తడిమి చూసి, "మామయ్యే," అంది.

మామయ్య లోపలికి ముడుచుకుపోయి ఉన్నాడు. గుల్ల మూతి మీద పల్చటి పొర కట్టేసింది.

"బతికే ఉన్నాడా టీచర్?" పది గొంతులు.

"టీచర్, బతికే ఉందంటారా?" పెద్ద మేడం కూడా.

అలవాటు చెడ్డది. "మీకేమనిపిస్తోంది మేడం?" అనేసి నాలుక కరుచుకున్నాను. ఆవిడ నా వైపు ఒక చూపు చూశారు. తర్వాత గుల్ల వైపు చూసి, "తెలియదు. చూద్దాం," అన్నారు.

నీళ్ళు చిలకరించి, నేల మీద గుండ్రంగా కూర్చున్నాం. బెల్లు కొట్టారు. ఎవరూ లేవలేదు. లంచ్‌బాక్సు కూడా. నేను ఇంత భయంగా దేని కోసమూ ఎదురుచూసి చాలా ఏళ్ళయింది. బతికి ఉండు నాయనా అని మనసులో ఎన్నిసార్లు అనుకున్నానో.

10.02. ఒక కొమ్ము. తర్వాత రెండోది.

10.30. పెద్ద మేడం గదిలో. నోటుబుక్కు తిప్పి చూపించారు. నాలుగు పేజీలు. "చీటీల సంగతి మాట్లాడాలి. రెండో నత్త సంగతి కూడా. సోమవారం గంటసేపు ఖాళీ ఉంచుకోండి," అన్నారు. సరే మేడం అన్నాను. లేచి తలుపు దాకా వచ్చాక వెనక నుంచి అన్నారు: "ఆ పాప ఎక్కడికీ వెళ్ళట్లేదు. మీ క్లాసులోనే ఉంటుంది."

గేటు దగ్గర వాళ్ళమ్మకి చెప్పాను. ఇద్దరం ఏడ్చాం. పాప మా ఇద్దరినీ వింతగా చూసింది.

22వ తేదీ, శనివారం

బొమ్మల కట్ట తీసి చూశాను. నాలుగో తేదీది. కిటికీ పాప బొమ్మలో గుల్ల అంచున వంకర. సరిగ్గా విరిగిన చోటే. దాని పక్కన నా ఎర్ర అక్షరాలు: గుండ్రంగా గియ్యమ్మా.

ఆ పిల్ల రెండో రోజే చెప్పింది. నేనే దిద్దేశాను. సిగ్గేసింది. ఎర్ర అక్షరాలు చెరపబోయాను, పోలేదు.

24వ తేదీ, సోమవారం. మొదటి రోజు. మళ్ళీ.

ఇరవై ఒక్క రోజులు. ఈసారి చిన్న తీర్మానం: తెలియనిది తెలియదని చెప్తాను. రోజుకి ఒక్కటైనా, జవాబు నాకు కూడా తెలియని ప్రశ్న అడుగుతాను. డబ్బా ఖాళీ చేశాను. జాలీ మీద రెండు ఇటుకలు పెట్టాను. రెండో నత్తని తిరిగి ఇచ్చేద్దామంటే అత్తయ్య వద్దన్నారు, అదీ తొట్టిలోనే ఉంది. దాని పేరు అత్తయ్య. ఓటింగులో నెగ్గింది. ఇంట్లో చెప్పలేదు.

11.00. చాక్‌పీసులు: పదకొండు. అందులో నాలుగు కిటికీ పాప వల్లే. పొద్దున్నుంచి ఆ పిల్ల నోటికి ఆపు లేదు. తల ప్రాణం తోకకొచ్చింది. ఒకసారి "ఇక చాలమ్మా, కూర్చో," అన్నాను. వెంటనే ఒకటి వేశాను.

12.40. లంచ్ టైం. తొట్టి దగ్గర నిలబడి, నా వైపు తిరగకుండానే అడిగింది.

"టీచర్, మామయ్యకి విరిగి ఉండడం మీకు కనబడలేదా? రోజూ చూశారు కదా."

ముప్ఫై మంది పిల్లలమ్మా, కూడికలమ్మా, సిలబస్సమ్మా. అన్నీ నాలిక చివరి దాకా వచ్చాయి. ఏదీ నిజం కాదు.

"ఎందుకు కనబడలేదో నాకు తెలియదమ్మా."

అప్పుడు తిరిగి నా వైపు చూసింది. తల ఒక పక్కకి వంచింది, అచ్చం నాలాగే.

"మీకేమనిపిస్తోంది?"

అడిగి, పక్కనున్న చిన్న కుర్చీ లాక్కుని కూర్చుంది. నేను చెప్పేదాకా లేచేలా లేదు. ఆ పిల్ల కనుబొమ్మ మాత్రం కదల్లేదు.